ఐదో కంబళి

అడిగిన చోటే జవాబు చెప్పే అలవాటు మా నిర్వాణయ్య స్వామికి లేదు. వంటింట్లో అడిగిన ప్రశ్నకు గొర్రెల దొడ్డి దగ్గర జవాబు దొరికేది. దొడ్డి దగ్గర అడిగినదానికి ఏ సంతలోనో, ఏ బస్టాండులోనో దొరికేది. మధ్యలో తిరగడానికి బండి కావాలి గదా, ఆ బండి నాది. హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు చెప్పి, రిటైరై, ఒక పాత మారుతీ వ్యాను కొనుక్కుని హాయిగా ఉందామనుకున్న నా చేత ఆయన తిప్పించిన తిప్పట ఇంతా అంతా కాదు. విసుక్కున్నానా అంటే విసుక్కున్నాను, ఎదురుగానే విసుక్కున్నాను. ఆయన నవ్వి "పద పంతులూ" అనేవారు. నేను తాళంచెవి తీసేవాణ్ని.

నాగలగుట్ట మఠం ఎక్కడుందని అడిగితే గొర్రెల మందలు ఎటు పోతే అటు పొమ్మంటారు మా వైపు. చుట్టూ ఉన్న పల్లెలన్నీ కురుబలవి, మఠం వాళ్లది. అక్కడ పట్టు శాలువాకు మర్యాద లేదు. మూడేళ్లు పొలిమేర దాటకుండా, ఇంటి ముఖం చూడకుండా నియమంగా ఉన్న శిష్యుడికి కార్తీకంలో ఆఖరి సోమవారం నాడు స్వామి తన చేత్తో ఒక నల్ల కంబళి కప్పుతారు. దండ లేదు, బిరుదు లేదు, ఉపన్యాసం అసలే లేదు. అయినా ఆ కంబళి కప్పుకున్న మనిషి వీధిలో కనబడితే మంచం మీద కూర్చున్న ముసలివాళ్లు కూడా లేచి నిలబడతారు. నేనూ లేచినవాణ్నే.

ఆ ఏడు కంబళి అందుకోవలసినవాళ్లు ఐదుగురు. మఠం వసారాలో నల్లబల్ల మీద వాళ్ల పేర్లు సుద్దముక్కతో రాసి ఉన్నాయి. రాసింది రుద్రముని. శిష్యులందరిలో పెద్దవాడు, పన్నెండేళ్ల కింద మఠంలో అడుగుపెట్టి, తొమ్మిదేళ్ల కిందటే కంబళి కప్పించుకున్నవాడు. శుభ్రం విషయంలో అతనితో వేగడం ఎవరి తరమూ కాదు. అతను ఊడ్చిన వసారాలో చీమ కూడా ఆలోచించుకుని నడవాలి. అబద్ధం ఆడడు, ఆలస్యంగా లేవడు, ఒకరి చేత మాట పడడు. అలాంటి మనిషి పక్కన కూర్చుంటే మన చొక్కా మీది మరకలు మనకే కనబడతాయి. అందుకని నేను కొంచెం దూరంగానే కూర్చునేవాణ్ని.

ఒక గురువారం పొద్దున, స్వామి ఎండలో రాతిబండ మీద కూర్చుని ఉండగా, రుద్రముని నల్లబల్ల దగ్గరికి వెళ్లి ఐదో పేరు పక్కన సుద్దముక్కతో ఒక ఇంటూ గుర్తు పెట్టాడు. ఆ పేరు కొట్రప్పది. ఆ తర్వాత నేరుగా వచ్చి స్వామి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"స్వామీ, ఒక సందేహం."

"ఒకటే గదా, అడుగు."

"నియమం తప్పి ఒకసారి పారిపోయినవాడు మళ్లీ వచ్చి నిలబడతాడు. వచ్చినాక నియమంగానే ఉంటాడు. ఒప్పుకుంటాను. కానీ అతనికీ, ఎన్నడూ తప్పనివాడికీ ఒకే కంబళి కప్పవచ్చునా?"

కొట్రప్ప సంగతి చెప్పాలి. మఠంలో వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టే దాసోహం పని అతనిది. మొదటిసారి మఠానికి వచ్చి ఒకటిన్నర ఏళ్లు ఉన్నాడు. ఒక తెల్లవారుజామున ఎవరితోనూ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఎనిమిది నెలల తర్వాత తిరిగొచ్చి వాకిట్లో తల వంచుకుని నిలబడితే స్వామి పైకీ కిందికీ చూసి, "బియ్యం కడిగిపెట్టు, జనం వచ్చే వేళైంది" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అతను మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టి మూడేళ్లూ పూర్తి చేశాడు. ఆ మూడేళ్లలో రుద్రముని అతనితో "ఉప్పు అయిపోయింది", "కట్టెలు వచ్చాయి" అనేంతవరకే మాట్లాడాడు. ఎందుకు పోయినావని ఒక్కనాడూ అడగలేదు.

"నాకు అతని మీద పగ లేదు స్వామీ" అన్నాడు రుద్రముని. "ఆ కంబళిని చూసి జనం లేస్తారు. ఎవరిని చూసి లేస్తున్నారో తెలిసి లేవాలి గదా. రేపు ఎవరైనా, వీడు పారిపోయినవాడే కదా అంటే, ఆ మాట తక్కిన నలుగురికీ తగలదా?"

దాచుకోవడం దేనికి, ఆ మాట నాకు న్యాయంగానే తోచింది. ఆ మాట కొట్రప్ప చెవిన కూడా పడింది. వంటింటి గడపలో గరిటె పట్టుకుని నిలబడి, నల్లబల్ల మీది గుర్తు చూసి, లోపలికి వెళ్లిపోయాడు. ఆ పూట సంగటిలో ఉప్పు లేదు. ఎవరూ అడగలేదు కూడా.

స్వామి రుద్రమునికి జవాబు చెప్పలేదు. "కంబళ్లకు ఎట్లాగూ మిల్లుకు పోవాల" అన్నారు లేస్తూ. "నాలుగు తేవాల్నో ఐదు తేవాల్నో నువ్వే చెప్పు రుద్రమునీ. నువ్వు చెప్పిందే ఖాయం, నేను మారు మాట్లాడను. సాయంత్రానికి చెప్తే చాలు." ఆ వెంటనే నా వైపు తిరిగారు. "పద పంతులూ."

అంత పెద్ద నిర్ణయం అతని చేతిలో పెడతారని నేను అనుకోలేదు. అతనూ అనుకున్నట్టు లేదు. వ్యానులో వెనక సీట్లో నిటారుగా కూర్చుని దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూశాడు. అతని మొహంలో సందేహం లేదు. నాలుగే అని నేను అప్పుడే రాసిపెట్టుకున్నాను.

బుక్కలగుంట మిల్లు మా మఠానికి గంట దూరం. మందలవాళ్లే సంఘంగా చేరి పెట్టుకున్న కంబళ్ల మిల్లు అది. కనబడక ముందే వాసన వస్తుంది. పచ్చి ఉన్ని, గొర్రె చెమట, సబ్బు నీళ్లు, యంత్రాల నూనె అన్నీ కలిసిన వాసన. రుద్రముని ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. స్వామి మాత్రం తన అమ్మ వంటింట్లోకి పోతున్నంత ఇదిగా లోపలికి నడిచారు.

మిల్లు చూసుకునే ఓబులేసు చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చి, కాళ్లకు దండం పెట్టి, దగ్గరుండి అంతా చూపించాడు. మొదట కొట్టంలో ఉన్ని గుట్టలు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ముళ్లూ పుడకలూ ఏరేస్తూ, నలుపు వేరు, బూడిద రంగు వేరు చేస్తున్నారు. అవతల తొట్లలో ఉన్ని ఉడుకు నీళ్లలో మునిగి తేలుతోంది. ఆ నీళ్ల రంగు చూశాక ఇందులోంచి కప్పుకునే వస్తువు వస్తుందని నమ్మడం కష్టం. ఆరిన ఉన్నిని దువ్వే యంత్రం మీద వేస్తే, ఇనప పళ్లున్న పెద్ద పెద్ద దొర్లుడు కట్టెల మధ్య నలిగి, అటు పక్క పలుచటి మబ్బు మాదిరి వస్తోంది. నేను వేలు పెట్టబోతే ఓబులేసు నా చేయి పట్టి వెనక్కి లాగాడు. "సార్, అది వేలికీ ఉన్నికీ తేడా చూడదు" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల్ని అదిలించినవాణ్ని, ఆ పూట బుద్ధిగా చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను.

నూలు వడికే చోటు దాటి మగ్గాల షెడ్డులోకి వెళ్లాం. ఆ మోతకు మాట వినబడదు. ఒక మగ్గం ఉన్నట్టుండి ఆగింది. నూలు తెగింది. నేసే మనిషి వంగి, రెండు కొసలూ పట్టుకుని, కన్ను మూసి తెరిచేలోపల ముడేశాడు. మగ్గం మళ్లీ మొదలైంది.

"ఇట్లా ఎన్నిసార్లు తెగుతుంది?" అని రుద్రముని అతని చెవి దగ్గరికి వంగి అరిచాడు.

"గొర్రె బొచ్చు గదా సామీ, తెగుతానే ఉంటుంది" అని అతనూ అరిచాడు. "తెగని ఉన్ని నేనైతే చూడలేదు."

రుద్రముని తల పంకించాడు గానీ, ఆ ముడి పడ్డ చోటును రెండు మూడు సార్లు తిరిగి చూశాడు. నాకు తెలుసు ఆ చూపు. నా చొక్కా మీద కాఫీ పడిననాడు చూసిన చూపే.

మగ్గం మీది నుంచి దిగిన బట్ట తాను పక్క హాల్లోకి పోతుంది. అక్కడ ఉత్తరం వైపు పెద్ద పెద్ద కిటికీలు, వాటి ముందు ఏటవాలు బల్లలు. తానును బల్ల మీదుగా కొంచెం కొంచెం లాగుతూ ఆడవాళ్లు దాని మీద అరచేత్తో రాస్తుంటారు. చేతికి ముడి తగిలితే అక్కడ సుద్దతో సున్నా చుడతారు. తర్వాత ఒక్కో సున్నా దగ్గరా ఆగి ఆ ముడిని చక్కబెడతారు. ఇరవై రెండేళ్లుగా ఆ పని చేస్తున్న మాళక్క మా తానే పట్టుకుని ఉంది. యాభై ఐదేళ్లుంటాయి. కళ్లజోడు కాడ విరిగితే ఉన్ని దారంతో కట్టుకుంది.

"ఇది మఠం తానే స్వామీ" అన్నాడు ఓబులేసు. "ఈ పొద్దు ఇద్దరు పెళ్లికి పోయినారు, అక్క ఒక్కతే అయింది. కొంచెం ఆలస్యం."

స్వామి రుద్రముని వైపు చూశారు. "ఊరికే నిలబడి ఏం చేస్తావ్? కూర్చో, సాయం చెయ్యి."

మాళక్క జరిగి చోటిచ్చింది. ఒక సున్నా దగ్గర వంగి, సన్నటి సూదిమొన ముడిలో దూర్చి, నెమ్మదిగా విప్పి, రెండు కొసల్నీ బట్ట మీద పడుకోబెట్టి చూపించింది. "ఇంతే సామీ. ముడి ఉండకూడదు." ఆలోపల అవతలి బల్ల దగ్గర ఎవరో పిలిస్తే లేచి వెళ్లింది.

రుద్రముని ఆమె చేసినదాన్ని కాసేపు చూశాడు. ముడి పోయింది నిజమే. కానీ రెండు కొసలూ మీసాల్లాగా పైకి కనబడుతున్నాయి. పక్కనే తెల్లటి సుద్ద మరక. అతనికి అది పని పూర్తయినట్టు కనబడలేదు. పక్కనున్న కత్తెర తీసుకున్నాడు. తర్వాతి సున్నా దగ్గర ముడినీ కొసల్నీ కలిపి మొదలంటా కత్తిరించాడు. ఉత్తరీయం అంచుతో సుద్ద గుర్తు శుభ్రంగా దులిపేశాడు. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి. తొమ్మిది ముడులు అలా చేసి నన్ను పిలిచాడు.

"పంతులుగారూ, చూడండి. ఎక్కడన్నా తెలుస్తోందా?"

కళ్లజోడు పెట్టుకుని చూశాను, చేత్తో రాసి చూశాను. నున్నగా ఉంది, నల్లగా ఉంది, మచ్చ లేదు. "భేష్" అన్నాను. ఆ భేష్ ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది. స్వామి కొంచెం దూరంలో ఉన్ని మూటల మీద కూర్చుని ఒక ముసలాయనతో మందల కబుర్లు చెబుతున్నారు. కత్తెర ఆయన కంట పడిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. చూసి ఊరుకున్నారు. దానికి తర్వాత నేను ఆయనతో పోట్లాడాను కూడా. మాళక్క తిరిగొచ్చేసరికి ఆ భాగంలో సుద్ద గుర్తులు లేవు. పని అయిపోయిందనుకుని తానును ముందుకు లాగేసింది.

అక్కణ్ణించి తాను వేడినీళ్ల తొట్టిలోకి వెళ్లింది. ఓబులేసుకు ఆ తొట్టి అంటే మహా గర్వం. "మగ్గం మీద నేసింది వట్టి బట్ట స్వామీ, కంబళి పుట్టేది ఇక్కడ" అన్నాడు. ఉడుకు నీళ్లలో, సబ్బులో, బరువైన కట్టె దిమ్మల మధ్య తాను రెండు గంటలు నలుగుతుంది. వెడల్పులో మూడో వంతు తగ్గి, పోగు పోగూ ఒకదాన్నొకటి పట్టుకుని దట్టంగా తయారై బయటికొస్తుంది. మునుపు ఈ పనంతా మందలవాళ్లు కాళ్లతో తొక్కి చేసేవాళ్లట. ఆ రెండు గంటల్లో మాకు సంగటి, శనక్కాయల చట్నీ పెట్టారు. రుద్రముని తృప్తిగా తిన్నాడు. చేసిన పని మీద నమ్మకం ఉన్నవాడు తినే తిండి అది.

తానును తొట్టిలోంచి తీసి, పిండి, కిటికీ ముందు కొయ్య మీద వేశారు. వెలుగు పడగానే ఓబులేసు ముందుకు వంగాడు. తొమ్మిది చోట్ల ఎండ కనబడింది. చిటికెన వేలు పట్టే చిల్లులు, తొమ్మిది.

"అక్కా!" అని ఒక్క అరుపు అరిచాడు. "ఇదేందక్కా? స్వామి చేత్తో కప్పే కంబళ్లు ఇవి. ఇరవై రెండేళ్ల చేతికి ఇదా పని? కళ్లు కనబడకపోతే చెప్పు. రేపటి నుంచి బల్ల దగ్గర వద్దు, పో, ఉన్ని కడిగే కాడ కూర్చో."

మాళక్క ఒక చిల్లులో వేలు పెట్టి చూసింది. అంచు తడిమింది. ఒక్క క్షణంలో ఆమెకు అర్థమైందని నాకు అర్థమైంది. బల్ల మీదున్న కత్తెర వైపు చూసింది, రుద్రముని వైపు చూసింది, తల వంచుకుంది. నేను కత్తెర వైపు చూడకుండా మొహం తిప్పుకున్నాను. భేష్ అన్నవాణ్ని నేనేగదా!

రుద్రముని లేచాడు. పన్నెండేళ్లలో అతను తప్పు ఒప్పుకోగా నేను చూడలేదు, ఎందుకంటే తప్పు చేయగా చూడలేదు. ఎట్లా ఒప్పుకోవాలో కూడా అతనికి తెలిసినట్టు లేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆమె కాదు. కత్తిరించింది నేను. గుర్తులు తుడిచింది కూడా నేనే."

ఓబులేసు కోపం నాలుక మీదే ఆగిపోయింది. మఠం మనిషిని ఏమంటాడు? "పోనీండి సామీ" అన్నాడు చేతులు నలుపుకుంటూ. "తెలీక చేసినారు. అట్లా బయట గాలికి కూర్చోండి, మేము చూసుకుంటాం." మర్యాదగానే అన్నాడు. కానీ అవతలికి పొమ్మన్న మాట అవతలికి పొమ్మన్నట్టే వినబడుతుంది. రుద్రముని రెండడుగులు వేశాడు.

"యాడికి సామీ?" అంది మాళక్క. బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చింది. "రెండో తాను ఉంది గదా."

"మళ్లీ ఆయన చేతికేనా అక్కా?" అన్నాడు ఓబులేసు.

"ఇంక ఆ చెయ్యి కత్తెర పట్టదులే. నువ్వు పో."

అతను వచ్చి కూర్చున్నాడు. ఈసారి ఆమె వేగంగా చూపించలేదు. అతని వేళ్ల మీద తన వేళ్లు పెట్టి చేయించింది. "ముడిని ముడిగానే వదిలేస్తే బొబ్బ మాదిరి నిలబడి ఎప్పుడూ గుచ్చుకుంటుంది సామీ. కోసేస్తే చిల్లు పడుతుంది. విప్పాల. విప్పి, రెండు కొసల్నీ వేలెడు పొడుగు పక్కపక్కన పండబెట్టాల. తక్కింది నీళ్లు చూసుకుంటాయి. నువ్వు కొసలే లేకుండా చేస్తివి. కొసలుంటే పది నిమిషాల పని, ఇప్పుడు ఆ తొమ్మిదింటికీ నేను రెండు దినాలు సూది పట్టుకుని కూర్చోవాల. మళ్లీ ఇంకో తడుపు ఇయ్యాల."

అతను ఒక ముడి విప్పాడు. ఎంతసేపు పట్టిందని! కొసలు రెండూ సర్ది, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఈ సుద్ద గుర్తు?"

"ఉండనీ. అది నా కోసం. చెయ్యి పెట్టాల్సిన చోటు మర్చిపోకుండా పెట్టుకునేది. అతికినాక నీళ్లలో పోతుంది."

"పోతే, ఎక్కడ తెగిందో తర్వాత తెలియాలంటే ఎట్లా?"

మాళక్క పని ఆపి, కళ్లజోడు పైకి తోసి, అతని మొహంలోకి చూసి నవ్వింది. "తెలిసి ఏం చేసుకుంటారు సామీ? చలిలో కంబళి కప్పుకునేది మాని చిల్లులు వెతుక్కుంటారా?"

ఆ మధ్యాహ్నమంతా అతను పదకొండు ముడులు విప్పాడు. ఆమె ఆ లోపల నూట ముప్పై విప్పింది, అది వేరే సంగతి. మేము బయల్దేరుతుంటే ఓబులేసు వ్యాను దాకా వచ్చి, "స్వామీ, కోయాల్సింది నాలుగా ఐదా చెప్పలేదు" అన్నాడు. స్వామి నాకేం తెలుసన్నట్టు ఆకాశం వైపు చూశారు.

"ఐదు" అన్నాడు రుద్రముని.

నా మనసు ఎంత తేలికైందో! కథ అయిపోయిందనుకున్నాను. దారంతా నేనే మాట్లాడాను, ఎవరూ వినకపోయినా. కానీ బళ్లో పాఠం చెప్పినవాడికి పాఠం ఎక్కడ అయిపోతుందో తెలియాలి గదా, తెలియలేదు.

దీపాలు పెట్టే వేళకు మఠం చేరాం. రుద్రముని బండి దిగి, కాళ్లు కూడా కడుక్కోకుండా, ఆ రుద్రముని, సరాసరి వసారాలోకి వెళ్లాడు. కుండలో ఉత్తరీయం కొస తడిపి, నల్లబల్ల మీద కొట్రప్ప పేరు పక్కనున్న గుర్తు తుడవడానికి చెయ్యి ఎత్తాడు.

"రుద్రమునీ" అన్నారు స్వామి వెనక నుంచి. గొంతు పెంచలేదు. "పొద్దున కూడా అతకకముందే గుర్తు తుడిచినావు."

ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది. ఉత్తరీయం కొస నుంచి నీటి చుక్కలు అతను ఊడ్చిన నేల మీదే టపటపా పడ్డాయి. చెయ్యి దించి, వంటింట్లోకి వెళ్లాడు.

లోపల కొట్రప్ప చేటలో అనపకాయలు ఒలుస్తున్నాడు. రుద్రమునిని చూసి గబగబా లేవబోయాడు. రుద్రముని అతని పక్కనే నేల మీద కూర్చుని ఒక కాయ తీసుకున్నాడు. నేను గడప ఇవతల నిలబడి విన్నాను. సిగ్గులేదా అంటే లేదు. ఆ సాయంత్రం నన్ను అక్కణ్ణించి కదిలించడం ఎవరి వల్లా కాదు.

"కొట్రప్పా, ఆ పొద్దు ఎందుకు పోయినావు?"

కొట్రప్ప ఐదారు కాయలు ఒలిచాడు.

"పెద్ద కారణం ఏం లేదన్నా. రాత్రి వాన పడింది. మా ఊర్లో ఈ పాటికి విత్తనం వేస్తుంటారు అనిపించింది. కాళ్లు పోయినాయి."

"మరి ఎందుకు వచ్చినావు?"

"విత్తేది అయిపోయింది, కోసేదీ అయిపోయింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. నాకే అన్నం దిగలేదు." ఒలవడం ఆపాడు. "కంబళి ఇయ్యకపోయినా ఫరవాలేదన్నా. ఇక్కణ్ణించి మాత్రం పొమ్మనొద్దు."

మళ్లీ కాయల చప్పుడు. తర్వాత రుద్రముని చెప్పిన మాట నేను వినకుండా ఉంటే బాగుండేది. విన్నాను కాబట్టి చెబుతున్నాను.

"ఆ వానకు నాకూ అట్లనే అయింది. కంబళి కప్పుకున్నవాణ్ని నేను. మూట కట్టుకున్నా. వాకిట్లోకి వస్తే నీ చెప్పులు లేవు. ఒకడు అప్పుడే పోయినాడే అని సిగ్గేసి ఆగినా. ఆ పొద్దు నువ్వు పోకుంటే నేను పోయుండేవాణ్ని కొట్రప్పా. ఇన్నేళ్లూ నీ మొహం చూడలేక కోపంగా ఉన్నా."

కొట్రప్ప ఏమన్నాడో నాకు వినబడలేదు. లోపల ఇద్దరూ ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు మాత్రం విన్నాను. నేను తిరిగి చూస్తే స్వామి రాతిబండ మీద కూర్చుని గొర్రెలు దొడ్డికి రావడం చూస్తున్నారు, ఈ లోకంలో వేరే పనేమీ లేనట్టు. ఆ పూట అనపకాయల పులుసులో ఉప్పు సరిగ్గా ఉంది.

కార్తీకంలో ఆఖరి సోమవారం నాడు ఐదు కంబళ్లు వచ్చాయి. స్వామి వాటిని కప్పడానికి ముందు పీట మీద పెట్టి ఉంటే, నా పాడు బుద్ధి ఊరుకోదు గదా, ఎవరూ చూడకుండా ఒక్కోదాన్నీ అరచేత్తో తడిమాను. వెలుగుకు ఎత్తి చూశాను. తొమ్మిదింట్లో ఒక్కటి కూడా దొరకలేదు. ఐదుగురికీ స్వామి వరసగా కప్పారు. కొట్రప్పకు కప్పుతున్నప్పుడు మొట్టమొదట లేచి నిలబడినవాడు రుద్రముని. అతన్ని చూసి మేమంతా లేచాం. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎవరేమనుకున్నా నాకేం.

జనం వెళ్లిపోయాక వసారాలోకి వస్తే నల్లబల్ల మీద ఐదు పేర్లూ అలాగే ఉన్నాయి. ఐదో పేరు పక్కన ఏమీ లేదు. స్వామి బయటికి వస్తుంటే ఆపాను.

"స్వామీ, ఇక్కడ ఒక గుర్తు ఉండాలే. వాళ్లిద్దరిలో ఎవరు తుడిచినారు?"

ఆయన బల్ల వైపు ఒకసారి చూసి, భుజం మీది కంబళి సర్దుకున్నారు.

"నీళ్లలో పోయింటుంది, పంతులూ."